దుకాణానికి మొదటి రూపాయి ఎక్కడిది?



మన ఇళ్లలో అబ్బాయి డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం దొరక్క తిరుగుతున్నా, ఐటీఐ సర్టిఫికెట్ చేతికొచ్చినా, గల్ఫ్‌లో పని పోయి తిరిగొచ్చినా పెద్దలు అనే మాట ఒకటుంది. "ఏదైనా సొంతంగా పెట్టుకుంటాడులే." ఈ మాటలో తప్పేమీ లేదు, ఎంతో మంచి మాట. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల యువకుడు ఒకరి ముందు చేయి చాచకుండా మొబైల్ రిపేరు షాపో, చికెన్ సెంటరో, చెప్పుల దుకాణమో పెట్టుకుని నిలబడాలనుకోవడం ధర్మం మెచ్చే విషయం. మనిషి తన చేతి కష్టంతో సంపాదించుకున్న తిండికన్నా మేలైన తిండి మరొకటి లేదని, దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) తన చేతి పని మీదనే జీవించేవారని మహాప్రవక్త (స) తెలియజేశారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

కాని ఆ వెంటనే రెండో మాట వస్తుంది. "మరి పెట్టుబడో?" అంటాడు తండ్రి. "పెళ్లి చేస్తే అదే వస్తుంది" అంటుంది తల్లి.

మేము మాట్లాడదలచుకున్నది ఈ రెండో మాట గురించే. వ్యాపారం మీద ఖుత్బాల్లో తూకాల గురించి, కల్తీ గురించి, అబద్ధపు ప్రమాణాల గురించి తరచూ చెబుతూనే ఉంటాం. చెప్పాలి కూడా. అయితే తూకం దాకా రాకముందే, దుకాణం షట్టరు ఇంకా పైకి లేవకముందే ఒక ప్రశ్న ఉంది. ఈ దుకాణంలోకి వచ్చిన మొదటి రూపాయి ఎవరిది? ఏ లెక్కన వచ్చింది? కౌంటరు మీద ఆయతుల్ కుర్సీ ఫ్రేము ఏ గోడకు పెట్టాలో గంటసేపు చర్చించే కుటుంబాలు ఈ ప్రశ్నను మాత్రం అడగవు.

హిజ్రత్ (క్రీ.శ. 622) సందర్భంగా ఇల్లూ వాకిలీ మక్కాలో వదిలేసి మదీనా చేరిన ముహాజిర్లలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఒకరు. మహాప్రవక్త (స) ఆయనకూ, అన్సారీ సహాబీ హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి)కీ మధ్య సోదర బంధం కలిపారు. సఅద్ (రజి) మదీనాలో కలిగిన వారు. తన ఆస్తిలో సగం తీసుకోమని మనస్ఫూర్తిగా ముందుకొచ్చారు. ఒత్తిడి లేదు, లోకం ఏమనుకుంటుందో అన్న భయం లేదు. తీసుకుని ఉంటే అది పూర్తిగా హలాల్ ధనమే. అయినా అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయన సంపదలో, కుటుంబంలో శుభం కలగాలని దుఆ చేసి, బజారు ఎటువైపు ఉందో చూపించమని మాత్రమే అడిగారు. బనూ ఖైనుఖా బజారు చూపించారు. వెళ్లారు, కొన్నారు, అమ్మారు. కొంత పనీరు, కొంత నెయ్యి లాభంగా మిగుల్చుకుని తిరిగొచ్చారు. మర్నాడు మళ్లీ వెళ్లారు.

కొన్నాళ్లకు ఆయన దుస్తుల మీద సుగంధపు పసుపు ఛాయ కనబడితే మహాప్రవక్త (స) విషయం ఏమిటని అడిగారు. ఒక అన్సారీ స్త్రీని వివాహమాడానని ఆయన చెప్పారు. మహర్ ఎంత ఇచ్చావని ప్రవక్త (స) అడిగారు. ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం అన్నది జవాబు. ఒక్క గొర్రెతోనైనా సరే, వలీమా చెయ్యమని ప్రవక్త (స) ఆదేశించారు.

ఈ ఉదంతాన్ని మనం వలీమా సున్నత్ అని చెప్పడానికి చదువుతాం. సంఘటనల వరుస ఎలా ఉందో గమనించం. ముందు బజారు, తర్వాత పెళ్లి. వ్యాపారంలో వచ్చిన డబ్బు పెళ్లికి వెళ్లింది. బంగారం వరుడి చేతి నుంచి వధువు చేతికి వెళ్లింది. మన దగ్గర ఈ కాలువ వెనక్కి పారుతోంది. పెళ్లిలో వచ్చిన డబ్బు బజారుకు వెళుతోంది. హైదరాబాదు వైపు దాన్ని జోడే కీ రఖమ్ అంటారు, కోస్తాలో సూటిగా కట్నమే అంటారు. పేరు ఏదైనా, ఆ డబ్బు వధువు తండ్రి ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చి ఉండవచ్చు, ఆమె అన్న దుబాయిలో రెండేళ్లు సెలవు లేకుండా పనిచేసి పంపి ఉండవచ్చు.

"మేం అడగలేదు, వాళ్లే ఇచ్చారు"

ఈ జవాబు మాకు ఊరూరా వినబడుతుంది. "మౌలానా, మేం నోరు తెరచి అడగలేదు. వాళ్లే సంతోషంగా ఇచ్చారు. ఇస్తే తీసుకోవడం హదియా కాదా?" అంటారు.

ఈ ప్రశ్నకు జవాబు హదీసులో ఎప్పుడో వచ్చేసింది. మహాప్రవక్త (స) అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. ఆయన తిరిగొచ్చి, ఇది మీకు చెందిన జకాత్, ఇది మాత్రం నాకు వచ్చిన కానుక అని రెండు వాటాలు వేరుచేశారు. ఆయన కూడా ఎవర్నీ అడగలేదు, జనమే ఇచ్చారు. మహాప్రవక్త (స) ఆ మాట విని మింబరు మీద నిలబడి, అతను తన తండ్రి ఇంట్లోనో తల్లి ఇంట్లోనో కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అని ప్రశ్నించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది.

ఈ కొలబద్దతోనే మన సంగతి చూసుకోవాలి. ఆ పెద్దమనిషి కూతురు మీ ఇంటికి కోడలుగా రాకుంటే, మీ అబ్బాయి చికెన్ సెంటర్‌కు ఆయన 3 లక్షలు ఇచ్చేవాడా? ఇవ్వడని ఇచ్చినవాడికీ తెలుసు, పుచ్చుకున్నవాడికీ తెలుసు. ఇవ్వకపోతే సంబంధం తప్పిపోతుందేమో, ఇచ్చినా తక్కువైతే కూతురిని పొడుస్తారేమో అన్న భయంతో చేతులు కలిపి నవ్వుతూ ఇచ్చిన డబ్బును కానుక అనలేం. మన దేశపు ఉలమాలు ఎందరో దీన్ని లంచం కోవలో చేర్చారు, తీసుకున్నవాడు తిరిగి ఇవ్వవలసినదే అన్నారు. దేశ చట్టం కూడా 1961 నుంచి ఇవ్వడాన్నీ, పుచ్చుకోవడాన్నీ రెండింటినీ నేరంగా పరిగణిస్తోంది. ఆ చట్టమే మహర్‌ను కట్నం లెక్కలోంచి విడిగా పెట్టింది. అన్యాయంగా ఒకరి సొమ్ము ఒకరు తినరాదని, పరస్పర అంగీకారంతో జరిగే వర్తకం వేరని నిసా సూరా 29వ ఆయతులో అల్లాహ్ హెచ్చరించాడు. అంగీకారం అన్న మాటను మనం చాలా చౌకగా వాడుతున్నాం.

హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో జరిగిన ఒక సంఘటన ఇమామ్ మాలిక్ (రహ్మలై) ముఅత్తాలో ఉంది. పెట్టుబడి విషయంలో దీన్ని ప్రతి తండ్రీ వినాలి. ఆయన కుమారులు అబ్దుల్లాహ్ (రజి), ఉబైదుల్లాహ్ (రజి) ఒక సేనతో ఇరాక్ వెళ్లి తిరిగి వస్తూ బస్రా గవర్నరు హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి)ని కలిశారు. మదీనా ఖజానాకు పంపవలసిన సొమ్ము ఆయన దగ్గర ఉంది. దాన్ని ఆ సోదరులకు అప్పుగా ఇచ్చారు. ఇరాక్ సరుకు కొని మదీనాలో అమ్ముకోండి, అసలు ఖలీఫాకు అప్పగించి లాభం మీరు ఉంచుకోండి అన్నారు. వాళ్లు అలాగే చేశారు, లాభమూ వచ్చింది. అసలు అప్పగించినప్పుడు ఉమర్ (రజి) ఒకే ప్రశ్న వేశారు. సైన్యంలో అందరికీ ఇలాగే అప్పు ఇచ్చాడా? లేదన్నారు. అయితే మీరు ఖలీఫా కొడుకులని ఇచ్చాడన్నమాట, అసలూ లాభమూ రెండూ పెట్టండి అన్నారు ఆయన. అబ్దుల్లాహ్ (రజి) మౌనంగా ఉండిపోయారు. ఉబైదుల్లాహ్ (రజి) మాత్రం వాదించారు: దారిలో ఆ సొమ్ము పోయినా, తరిగినా మేమే కదా బాధ్యులం? ఉమర్ (రజి) మళ్లీ అదే మాట అన్నారు. చివరికి సభలో ఒకరు, దీన్ని ఖిరాజ్‌గా, అంటే పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిదిగా ఉండే వ్యాపారంగా మార్చరాదా అని సలహా ఇచ్చారు. ఉమర్ (రజి) ఒప్పుకున్నారు. అసలు, సగం లాభం ఖజానాకు వెళ్లాయి. మిగతా సగం లాభం కొడుకులకు దక్కింది.

గమనించండి, ఆ యువకులు దొంగిలించలేదు, వడ్డీ తినలేదు, ఎవర్నీ మోసగించలేదు. అసలు పైసాతో సహా అప్పజెప్పారు. అయినా ఆ డబ్బు వాళ్ల చేతికి ఎందుకు వచ్చిందన్నదే తండ్రి చూశాడు. మన తండ్రులు అబ్బాయికి ఎంత వచ్చిందని చూస్తారు.

మరి పెట్టుబడి ఎలా?

కట్నం వద్దు, వడ్డీ వద్దు అంటే యువకుడు ఏం చెయ్యాలి? ఇది న్యాయమైన ప్రశ్న. నిషేధించి ఊరుకోవడం మా పని కాదు.

అన్నింటికన్నా ముందు, దుకాణం ఎంత పెద్దదిగా ఉండాలన్నది తేల్చుకోవాలి. అబూ దావూద్ సంకలనంలో ఒక హదీసు ఉంది. దాని సనదు మీద ముహద్దిసులు చర్చించారు, అందులోని వేలం సంఘటనను ఇమామ్ తిర్మిజీ హసన్ అన్నారు. ఒక అన్సారీ సహాయం అడగడానికి వస్తే, ఇంట్లో ఏముందని మహాప్రవక్త (స) అడిగారు. సగం పరుచుకుని సగం కప్పుకునే ఒక గుడ్డ, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నారు. అవి తెప్పించి ప్రవక్త (స) స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హం అన్నారు. అంతకన్నా ఎక్కువ ఎవరిస్తారని రెండు మూడు సార్లు అడిగి, రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హం ఇంటి తిండికి, మరో దిర్హం గొడ్డలికి. గొడ్డలి తెస్తే దానికి కర్రను తన చేతులతో బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, 15 రోజుల దాకా కనబడవద్దని పంపారు. ఆయన తిరిగొచ్చేటప్పటికి చేతిలో పది దిర్హములున్నాయి.

వేలం వేసిన ధరలో సగం మొదట ఇంటి తిండికే వెళ్లిందన్న సంగతి మరువకండి. మొదటి నెలల్లో ఇల్లు ఎలా గడుస్తుందో చూసుకోకుండా ఉన్నదంతా సరుకులో పోసేవాడు మూడో నెలకు ఆ సరుకునే తినేస్తాడు. ఇక ఆ మనిషి కొన్నది గొడ్డలి. మన యువకుడు ముందుగా కొనేది అద్దాల తలుపు, రంగుల లైట్లు, ప్రారంభోత్సవం ఫ్లెక్సీ. సరుకుకు డబ్బు మిగలదు, అప్పుడు ఫైనాన్సు వాడు వస్తాడు. 10 వేలని రాసుకుని, చేతిలో 9 వేలే పెట్టి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేసుకుంటాడు. ఇప్పుడైతే ఫోన్‌లోనే నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లున్నాయి. వాటి వేధింపులకు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు తెలుగు పత్రికల్లో మనం చదివాం. తాను చేయగలిగిన పని తోపుడు బండితో మొదలవుతుందంటే బండితోనే మొదలుపెట్టాలి. ఒకరి దుకాణంలో రెండేళ్లు జీతానికి పనిచేసి, సరుకు ఎక్కడ కొనాలో, ఎవరికి ఉద్దెర ఇవ్వకూడదో నేర్చుకున్నవాడు ఆ రెండేళ్లు పోగొట్టుకున్నట్టు కాదు.

రెండోది, ముజారబత్. మహాప్రవక్త (స) పాతికేళ్ల ప్రాయంలో హజ్రత్ ఖదీజా (రజి) పెట్టుబడితో షామ్ దేశానికి వర్తకానికి వెళ్లారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. సొమ్ము ఆమెది, శ్రమ, నిజాయితీ ఆయనవి. మన కుటుంబాల్లో ఇది ఎందుకు జరగదు? మేనమామ దగ్గర డబ్బుంటుంది, బ్యాంకులో పడి ఉంటుంది. మేనల్లుడి దగ్గర పని ఉంటుంది. ఇద్దరూ ఒకే ఈద్‌గాహ్‌లో పక్కపక్కన నిలబడతారు.

లెక్క ఇలా ఉంటుంది. మేనమామ 3 లక్షలు ఇచ్చాడనుకుందాం. లాభంలో అల్లుడికి నూటికి 60, మామకు 40 అని ముందే మాట్లాడుకున్నారు. ఏడాది చివర ఖర్చులు పోను 1,20,000 మిగిలింది. అల్లుడికి 72,000, మామకు 48,000 వస్తాయి. వచ్చే ఏడు లాభం 30,000 అయితే 18,000, 12,000 వస్తాయి. ఒకవేళ నష్టం వస్తే అది మామ పెట్టుబడిలోంచే పోతుంది. అల్లుడికి పోయేది అతని ఏడాది శ్రమ. అతను నిర్లక్ష్యం చేసినా, ఒప్పందం దాటి డబ్బు వేరే చోట పెట్టినా మాత్రం అతనే బాధ్యుడు. ఇద్దరూ డబ్బు పెడితే అది షిర్కత్, అందులో నష్టం ఎవరి పెట్టుబడి ఎంతో ఆ నిష్పత్తిలో పంచుకోవాలి.

ఇక్కడే మన వాళ్లు దారి తప్పుతున్నారు. "లెక్కలు మనకెందుకు మామూ, నెలకు 3 వేలు ఇచ్చేస్తా" అంటాడు అల్లుడు. మామ సంతోషిస్తాడు. 3 లక్షల మీద నెలకు 3 వేలంటే నూటికి రూపాయి వడ్డీ. పక్క దుకాణంవాడు వడ్డీ అని పిలిచేదాన్నే మన వాళ్లు నఫా అని పిలిచి తింటున్నారు. అసలుకు పూచీ ఉండి, లాభమైనా నష్టమైనా ఇంత అని నిర్ణయమైపోయాక అది వ్యాపారం కాదు. అల్లాహ్ వర్తకాన్ని హలాల్ చేసి వడ్డీని హరామ్ చేశాడని బఖరా సూరా 275వ ఆయతు మనందరికీ కంఠస్థమే. ఆ రెండింటినీ వేరుచేసే గీత మాత్రం నష్టంలో పాలు పంచుకోవడం దగ్గర ఉందని చాలామందికి తెలియదు.

తల్లి నగలు, భార్య నగలు మరో దారి. భార్య బంగారం ఆమెదే, భర్త సొత్తు కాదు. ఆమె మహర్‌లోంచి కొంత తన ఇష్టంతో వదులుకుంటే అనుభవించవచ్చని నిసా సూరా 4వ ఆయతు చెబుతోంది. ఇష్టంతో అన్నది షరతు. అడిగిన రోజు నుంచి ఇంట్లో ముఖం మాడ్చుకుని తిరిగితే దాన్ని ఇష్టం అనరు. అప్పుగా తీసుకుంటే ఎన్ని గ్రాములో రాసి ఇవ్వాలి. నగలను వడ్డీకి తాకట్టు పెట్టే బదులు అవసరమైనంత అమ్మడమే మేలు. అది అమ్మలకు మింగుడుపడదని మాకు తెలుసు.

రాయడం గురించి ఒక మాట. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు బఖరా 282. అది నమాజు గురించో, రోజా గురించో కాదు, అప్పు పత్రం రాసుకోవడం గురించి. చిన్న మొత్తమైనా, పెద్ద మొత్తమైనా గడువుతో సహా రాయడానికి విసుగు చెందవద్దని అల్లాహ్ ఆదేశించాడు. మన వాళ్లేమో సొంత అన్నదమ్ములం, కాగితాలేమిటి, అనుమానమా అని చిన్నబుచ్చుకుంటారు. పదేళ్ల తర్వాత అదే అన్నదమ్ములు పోలీసు స్టేషన్‌లో బెంచీకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుంటారు.

మా దగ్గరకు వచ్చే వారసత్వ తగాదాల్లో తండ్రి దుకాణంలో కూర్చున్న కొడుకు సమస్య ఎప్పుడూ ఉంటుంది. ఒక కొడుకు ఇరవయ్యేళ్ల వయసు నుంచి తండ్రితో కలిసి దుకాణం నడిపాడు. జీతం మాట్లాడుకోలేదు, వాటా మాట్లాడుకోలేదు. చిన్న దుకాణం రెండు షట్టర్లయింది. తండ్రి మరణించాడు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం తండ్రి పోషణలో ఉండి ఆయన వ్యాపారంలో పనిచేసిన కొడుకు సహాయకుడే, దుకాణం మొత్తం తండ్రిది. అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ అందులో షరీఅతు ప్రకారం వాటా ఉంది. పదిహేనేళ్లు కష్టపడినవాడికి గుండె మండుతుంది. ఆ మంటలో అక్కచెల్లెళ్ల వాటా ఎగ్గొడతాడు, అది మరో హరామ్. ఇదంతా మొదటి రోజున తండ్రి నోరు విప్పకపోవడం వల్ల వచ్చింది. బాబూ, నీకు నెలకు ఇంత జీతం అనో, ఈ రోజు నుంచి లాభంలో నీది నాలుగో వంతు అనో చెప్పి, మిగతా పిల్లల ముందు రాసి పెడితే సరిపోయేది. కొడుకే అడగాలంటే అది అవిధేయత అనుకుంటాడు. కాదు. మర్యాదగా అడగవచ్చు.

దుకాణం తెరిచాక పాటించవలసినవి మన పాఠకులకు తెలియనివి కావు. శుక్రవారం అజాన్ కాగానే క్రయవిక్రయాలు ఆపడం, లోపం ఉన్న సరుకు లోపం చెప్పి అమ్మడం వంటివి. ధాన్యపు రాశిలో చెయ్యిపెట్టి లోపల తడి కనిపెట్టిన మహాప్రవక్త (స), ఆ తడిసిన గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని నిలదీశారు. ఇన్‌స్టాగ్రాంలో తన దగ్గర లేని చీరల ఫోటోలు పెట్టి తనవిగా అమ్మే యువకులు హకీమ్ బిన్ హిజామ్ (రజి) హదీసు చదవాలి. నీ దగ్గర లేనిది అమ్మవద్దని ఆయనకు ప్రవక్త (స) చెప్పారు. అసలు అమ్మకందారుకు ఏజెంటునని చెప్పి కమీషన్ తీసుకుంటే దారి ఉంది, దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. ఇక తెల్లవారుజాము. సమాజపు ఉదయపు వేళల్లో శుభం కలగాలని మహాప్రవక్త (స) దుఆ చేశారు. ఆ హదీసును ఉల్లేఖించిన సఖ్ర్ గామిదీ (రజి) తన సరుకును పొద్దున్నే పంపేవారు, ధనవంతులయ్యారు. మన బస్తీల్లో పదకొండున్నరకు షట్టరు తీసి వ్యాపారం లేదని బరకత్ కోసం తావీజు అడిగేవారికి మేము చెప్పేది ఈ హదీసే.

చివరగా, ఇప్పటికే తీసుకున్నవారి సంగతి. ఈ వ్యాసం చదివే ఇళ్లలో కొన్ని దుకాణాలు ఆ డబ్బుతోనే మొదలయ్యాయి, బాగానే నడుస్తున్నాయి. వాటిని మూసెయ్యమని మేము అనడం లేదు. ఆ మొత్తాన్ని మామగారి అప్పుగా పుస్తకంలో రాసుకోండి. 2 లక్షలు తీసుకున్నవారు నెలకు 5 వేల చొప్పున పంపితే 40 నెలల్లో తీరుతుంది. కట్నం తిరిగి ఇస్తున్నానని ఊరంతా చాటనక్కర్లేదు, భార్యకు చెబితే చాలు. మామగారు మొహమాటంతో వద్దంటారు. ఆ మాట పట్టుకుని ఆగిపోకండి, ఇచ్చేటప్పుడు ఎంత మొహమాటపడ్డారో వద్దనేటప్పుడూ అంతే మొహమాటపడతారు. ముందు డబ్బు ఆయన చేతికి చేరనివ్వండి. ఆయన మరణించి ఉంటే అది ఆయన వారసులందరిదీ. అత్తగారికి, బావమరుదులకు, వదినలకు, మరదళ్లకు, మీ భార్యకు షరీఅతు ప్రకారం వాటాలు వేసి పంచాలి. మీ భార్య వాటాకు వచ్చినది ఆమె చేతికే ఇవ్వండి. దాన్ని మళ్లీ దుకాణంలో కలపాలంటే ఆమెను అడగండి, ఎంతో రాయండి.